తష్ఖీస్ లేని ఇలాజ్

పొద్దున్నే సెల్ఫ్ కొడితే బండి లేవదు. నాలుగోసారికి తెల్లపొగ కక్కుతూ లేస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ ఉండదు. పాత టర్బో డీజిల్ కారున్న ఏ ఇంట్లోనైనా ఈ షికాయత్ వినిపిస్తుంది, అది జనగామ అయినా, మానుకోట అయినా, భూపాలపల్లి అయినా. షెడ్డుకు తీసుకెళ్తే జవాబు కూడా దాదాపు ఒకటే: "పంపు పోయింది భాయ్", లేకపోతే "నాజిళ్ళు మార్చాలె". మనం తలూపి పైసల బందోబస్తు చూసుకుంటాం. "ఎట్ల తెలిసింది ఉస్తాద్?" అని మాత్రం అడగం.

నబ్జ్ చూడకుండా నుస్ఖా రాసే హకీమ్ దగ్గరికి మనం పోం. నీమ్ హకీమ్ ఖత్రా ఎ జాన్ అని పిల్లలకు కూడా చెప్తాం. బండి విషయంలో మాత్రం తష్ఖీస్ లేని ఇలాజ్‌కు రాజీ పడిపోతాం.

ఇది షౌక్ కోసం కార్లు ఉంచుకునేవాళ్ళ మస్అలా కాదు. మన ఇళ్ళలో సెకండ్ హ్యాండ్ ఇండికా, సుమో, ఇన్నోవా అంటే రోజీ. షాదీ కిరాయిలు, వరంగల్ ఆస్పత్రి ట్రిప్పులు, స్కూలు పిల్లలు, అన్నీ దాని మీదే. 15 ఏళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజును కేంద్రం 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5,000కు పెంచింది. దాని మీద ఫిట్‌నెస్ పరీక్ష, గ్రీన్ టాక్స్. ఇంత కట్టి నిలుపుకున్న బండికి అందాజా మీద నాలుగు ఇంజెక్టర్లు మార్చితే, ఆ ఖర్చా ఇంటావిడ మెడలోని బంగారం దాకా వస్తుంది. షెడ్డులో పని చేసేవాళ్ళూ చాలామంది మనవాళ్ళే. ముస్లింలు ఎక్కువగా ఉన్న పనుల్లో మోటారు రిపేరు ఒకటని 2006లో సచార్ కమిటీ కూడా రాసింది. అంటే నుక్సాన్ అయ్యేదీ మన ఇల్లే, పేరు పోయేదీ మన హునరే.

ఇంజన్ సంగతి కొంచెం చెప్పుకుందాం. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్గు ఉండదు. లోపలికి పీల్చిన గాలిని 17 నుంచి 22 రెట్ల దాకా నొక్కితే అది వేడెక్కి, చిమ్మిన డీజిల్‌ను తనే అంటిస్తుంది. కాబట్టి కావలసినవి మూడు: సరిపడా గాలి, సరైన ప్రెషర్‌తో డీజిల్, సరిపడా వేడి. చల్లటి ఇంజన్‌కు ఆ వేడి అందించడానికే హీటర్ ప్లగ్గు. ఇండికా వీ2 టర్బో లాంటి పాత బండ్లకు అది తప్పనిసరి. కామన్ రైల్ బండి మన ఎండాకాలంలో హీటర్ ప్లగ్గు పని చేయకున్నా మామూలుగా లేస్తుంది. మే నెలలో కామన్ రైల్ బండి లేవడం లేదని హీటర్ ప్లగ్గులు మార్చమంటే అక్కడే షక్ రావాలి.

పొగ కూడా గవాహీ ఇస్తుంది. నల్లపొగ అంటే డీజిల్‌కు సరిపడా గాలి అందడం లేదు: ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందా, టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు పోయే రబ్బరు పైపు పగిలిందా చూడాలి. భూపాలపల్లి బొగ్గు గనుల దుమ్ములో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టరే పహెలా షక్. చలిలో తెల్లపొగ అంటే కాలని డీజిల్. వేడెక్కాక కూడా ఆగకుండా, తియ్యటి వాసనతో వస్తే కూలెంట్ లోపలికి పోతోంది. నీలిపొగ అంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది, టర్బో సీలు కావచ్చు.

ఆ తర్వాత సస్తాగా అయ్యే పరీక్షలు. ముందు బ్యాటరీ: సెల్ఫ్ మెల్లగా తిరిగితే ఏ ఇంజన్ అయినా మొరాయిస్తుంది. తర్వాత డీజిల్ ఫిల్టర్ కింది నీళ్ళు వదలాలి. డబ్బాల్లో కొన్న డీజిల్ పోసే బండికి ఇది మరీ జరూరీ. పంపు ముందర ఒక పారదర్శకమైన గొట్టం పెట్టి చూస్తే గాలి బుడగలు కనిపిస్తాయి. బుడగలుంటే తప్పు పైపులోనో వాషర్‌లోనో ఉంది, పంపులో కాదు. కామన్ రైల్ బండిలో ఇంజెక్టర్ల రిటర్న్ పైపులకు నాలుగు చిన్న సీసాలు కట్టి కాసేపు నడిపితే, మిగతా మూడింటి కన్నా చాలా ఎక్కువ నిండిన సీసాది బీమార్ ఇంజెక్టర్. నాలుగూ మార్చే ముందు నాలుగు సీసాలు కట్టడానికి ఎంత వక్త్ పడుతుంది?

వేడిగా ఉన్నప్పుడు ఆగిపోయి, చల్లారాక లేచే బండి సంగతి ఇంకొకటి. సెల్ఫ్ కొడుతుండగా స్కానర్ చూడాలి. ఇంజన్ తిరుగుతున్నా ఆర్‌పీఎం సున్నా అని చూపిస్తే షక్ క్రాంక్ సెన్సార్ మీద, దాని వైరు మీద. ఆర్‌పీఎం వచ్చి రైల్ ప్రెషర్ ఎక్కకపోతే షక్ డీజిల్ వైపు. పెట్రోల్ టర్బో ఎత్తు మీద కొట్టుకుంటుంటే ఒక సిలిండర్ కాయిల్ తీసి ఇంకోదానికి వేయాలి. తప్పు కాయిల్ వెంటే పోతే దొంగ దొరికినట్టే.

స్కానర్ కొన్నంత మాత్రాన అంతా తెలియదు. పీ0087 అనే కోడ్ వస్తే రైల్ ప్రెషర్ తక్కువ అని అర్థం. అది షికాయతే, సబబు కాదు. ఫిల్టర్, గాలి లీకు, వాల్వు, ఇంజెక్టర్, పంపు, వీటిలో ఏదైనా కావచ్చు. కోడ్ చూసి పంపు మార్చడం కూడా తుక్కాయే, ఖరీదైన తుక్కా.

పాత తజుర్బా అన్నిచోట్లా పనికి రాదని కూడా చెప్పాలి. మెకానికల్ పంపు బండిలో ఉస్తాదులు ఇంజన్ నడుస్తుండగా ఒక్కో నాజిల్ పైపు నట్టు వదిలి, ఏ సిలిండర్ పని చేయడం లేదో పట్టేవాళ్ళు. కామన్ రైల్‌లో ఆ పని చేయొద్దు. అక్కడ ప్రెషర్ వెయ్యి బార్ కూడా దాటుతుంది. సన్నటి ధార చర్మాన్ని చీల్చి లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంతే కనిపిస్తుంది. వెంటనే సర్జన్ దగ్గరికి పోకపోతే వేలు, ఒక్కోసారి చెయ్యి పోతుంది. షాగిర్ద్ పిల్లలకు ఇది మొదటి రోజే చెప్పాలి.

ఉస్తాదుల వైపు ఇన్సాఫ్‌గా చూస్తే, కసూర్ మనది కూడా. సామాను మార్చితే పైసలిస్తాం. రెండు గంటలు వెతికి పది రూపాయల వాషర్ దగ్గర తప్పు పట్టుకున్న మనిషికి "ఏం చేసినవ్ భాయ్, వాషరే కదా" అంటాం. అతని ఇల్మ్‌కు కీమత్ కట్టనప్పుడు, అతను తన మెహనత్‌ను సామాను ధరలో దాచుకోక ఏం చేస్తాడు?

నా రాయ్ ఇది. తష్ఖీస్‌కు వేరే మజూరీ ముందే ఒప్పుకుందాం. ఏ పరీక్ష చేశారో, ఏం తేలిందో కాగితం మీద రాయించుకుందాం. తీసిన పాత సామాను వెనక్కి అడుగుదాం. బండి మనం వదిలిన అమానత్, దాని హిసాబ్ అడగడం బద్‌తమీజీ కాదు.

పిల్లల సంగతి కూడా ఉంది. నేను ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి. ఒక జబాన్ నుంచి ఇంకో జబాన్‌లోకి దాటడం ఎంత కష్టమో తెలుసు. షెడ్డులో ఇంజన్ శబ్దం విని మర్జ్ చెప్పగల పిల్లవాడు స్కానర్ మీది ఇంగ్లీషు చూసి ఆగిపోతాడు. అది దిమాగ్ లేక కాదు. ఐటీఐలో మెకానిక్ డీజిల్ ఏడాది కోర్సు, మోటార్ వెహికల్ రెండేళ్ళది. పది పాసయితే చాలు. "చేతి పని వచ్చు కదా, చదువెందుకు" అనే అమ్మీ అబ్బాలు ఒక్కసారి ఆలోచించాలి. ఒక్క షెడ్డుకు మంచి స్కానర్ భారమైతే నాలుగు షెడ్లు కలిసి కొనుక్కోవచ్చు. చెవిలో ఉస్తాద్ తజుర్బా, చేతిలో మీటరు ఉన్న పిల్లవాడికి రిజ్క్ ఎక్కడికీ పోదు. వాడు చెప్పిన మాటకు మనం ఆ గంట మజూరీ ఇవ్వాలి, సామాను ఏమీ మార్చకపోయినా సరే.