గానుగెద్దు ఎంత దూరం నడిచింది?



భౌతికశాస్త్రం సంగతి తెలుగు పంతులుకెందుకని మీలో కొందరైనా అనుకుంటారు. మా హోసూరు ప్రాంతంలో తెలుగు మాధ్యమం పిల్లవాడు సామాన్యశాస్త్రంలో తప్పితే ఆ నింద చివరకు తెలుగు మీదనే పడుతున్నది. అందుచేత అడుగుతున్నాను.

తొమ్మిదో తరగతి పిల్లలను అదిశ రాశి అంటే ఏమిటని అడగండి. ‘పరిమాణం మాత్రమే కలది’ అని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్తారు. సదిశ రాశి అంటే ‘పరిమాణం, దిశ రెండూ కలది’. (ఒక్క అక్షరమే తేడా, నల్లబల్లపై రాసి చూపకపోతే వెనుక బల్లవారికి రెండూ ఒకటే!) సరే. గానుగెద్దు పొద్దస్తమానం తిరిగి, బయలుదేరిన చోటనే నిలిచింది. దాని స్థానభ్రంశం ఎంత? తరగతి మూగబోతుంది. అంత నడిచిన ఎద్దుకు సున్న ఏమిటని వారి సందేహం. పాఠం ఆ సందేహంతోనే మొదలు కావాలి. మనమేమో దాని నోరు మూసి నిర్వచనం రాయిస్తున్నాము.

ఆ ఎద్దు ఒకే వడితో నడిచినా దాని వేగం క్షణక్షణమూ మారుతున్నది, దిశ మారుతున్నది కనుక. వాడుకలో వడి, వేగం ఒకటే, శాస్త్రంలో వేరు. ఈ మాట ముందుగా చెప్పని తప్పు మనది, తెలుగుది కాదు. ‘స్పీడు, వెలాసిటీ’ అని నేర్పితే తేలికవుతుందనే తల్లిదండ్రులారా, ఆ రెండింటికీ తేడా మీ బిడ్డను ఎన్నడైనా అడిగి చూచారా?

తెలుగు అభిమానులకూ ఒక మాట. సదిశ అన్న పేరులోనే అర్థమంతా ఉన్నదని మురిసిపోకండి. విద్యుత్ ప్రవాహానికీ దిశ ఉన్నది. అయినా అది అదిశ రాశియే. 3 ఆంపియర్లు ఒక తీగలో, 4 ఆంపియర్లు మరొక తీగలో వచ్చి ఒకచోట కలిస్తే, తీగల మధ్య కోణం ఎంతైనా మూడవ తీగలో పోయేది 7 ఆంపియర్లే. బలాలు అట్లా కాదు. 3, 4 న్యూటన్ల బలాలు ఒకే దిశలో 7, ఎదురెదురుగా 1, లంబంగా ఉంటే 5. అసలు తేడా కూడే పద్ధతిలో ఉన్నది.

దీనికి ప్రయోగశాల అక్కరలేదు. ఒక బల్లకు రెండు తాళ్లు కట్టి, ఒకరిని తూర్పుకు, ఒకరిని ఉత్తరానికి లాగమనండి. బల్ల ఎటు కదిలిందో పిల్లలనే తమ మాటలలో రాయమనండి. అందులో అక్షరదోషాలున్నా ఫరవాలేదు. తెలుగు పంతులునైన నేనే చెబుతున్నాను.