వదులైన మరమేకు

పిల్లలూ! మన అనంతపురం సీమలో సముద్రం లేదు. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే మెట్టనేల ఇది. చెరువు నిండితే ఊరంతా పండుగే. కాని గాలికి మాత్రం మనకు కరువు లేదు. ఆషాఢమాసంలో వీధిలోకి వస్తే తలమీది తువ్వాలు నిలవదు.

అటువంటి మా ఊరికి పోయిన ఆషాఢంలో సముద్రం మీద ఆడుకునే పలక ఒకటి వచ్చింది. మా వీధిలో ఎనిమిదో తరగతి చదివే కుర్రవాడు దాన్ని చంకన పెట్టుకొని మా ఇంటికి వచ్చాడు.

“అయ్యవారూ, ఇది మా మామది. మామ మస్కట్‌లో పని చేస్తాడు. పెద్ద గాలిపటాన్ని నడుముకు తగిలించుకొని, ఈ పలక మీద నిలబడి, నీళ్ళ మీద జారుకుంటూ పోతాడంట. దీన్ని కైట్‌బోర్డు అంటారంట. కాళ్ళు దూర్చే పట్టీలు లొడలొడమంటున్నాయి. మామ ఎల్లుండి పోవాల. ఈ బెజ్జంలో అగ్గిపుల్లలు కుక్కి, బంక పోసి బిగిస్తే చాలదా?” అన్నాడు.

“చాలదు నాయనా! ఒడ్డుకు దూరంగా ఉన్నప్పుడు పట్టీ ఊడివస్తే, మీ మామ తిరిగి రావటమెట్లా?” అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నాకు ఒక పాత సంగతి జ్ఞాపకం వచ్చింది. అది మీకూ చెబుతాను.

నేను ప్రధానోపాధ్యాయుడుగా ఉన్న ఒక బడిలో ఉయ్యాల ఉండేది. కొన్నాళ్ళుగా అది కిర్రుకిర్రుమంటూ ఉండేది. పైన బోల్టు వదులైందని నాకు తెలుసు. “ఆదివారం బిగిద్దాంలే” అనుకున్నాను. శనివారం సాయంత్రం నట్టు ఊడి, ఒక పిల్ల కింద పడింది. కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పేదాకా ఆ పిల్ల ఎడమ చేతితో రాసింది. ఆ వంకర అక్షరాలు నేనే దిద్దాను. అప్పటినుంచి కిర్రుమన్న చప్పుడు వింటే నేను పని ఆపి లేస్తాను.

సరే, బిగించిన మరమేకు దానంతట అదే ఎందుకు వదులవుతుంది? ఒక కాగితాన్ని త్రికోణంగా కత్తిరించి పెన్సిలుకు చుట్టి చూడండి. ఏటవాలు అంచు మెలికలు తిరుగుతుంది. మరమేకు మీది చుట్లు అవే! అంటే మరమేకు చుట్టిపెట్టిన ఏటవాలు బాట అన్నమాట.

ఇప్పుడొక అట్టను కొంచెం వాలుగా పెట్టి దానిపై రూపాయి బిళ్ళ ఉంచండి. రాపిడి పట్టి ఉంచటంవల్ల అది జారదు. అట్టను పక్కనుంచి వేలితో టకటకా కొట్టండి. పక్కకు కొడుతున్నా, బిళ్ళ కొంచెం కొంచెంగా కిందికి దిగుతుంది. అదురుతున్నప్పుడు రాపిడి పట్టు సడలుతుంది గనక, వాలు తన పని తాను చేసుకుంటుంది.

మరమేకు కథా ఇంతే. బిగించినప్పుడు అది వెంట్రుకవాసి సాగి, స్ప్రింగులాగా రెండు వస్తువులనూ అదిమి పట్టుకుంటుంది. ఇనుము సాగుతుందా అంటారేమో! సాగుతుంది, మన కంటికి కనిపించదు. ఆ అదుము పుట్టించే రాపిడే దానికి కాపలా. పక్కవాటుగా అదిరితే కాపలా సడలి, మర వెనక్కు తిరుగుతుంది. జర్మనీ దేశపు ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ 1969లో ఈ సంగతిని పరీక్షలు చేసి చూపించాడు. పైకీ కిందికీ లాగే అదురుకంటే, పక్కకు జరిపే అదురే మరను ఎక్కువగా వదులు చేస్తుందని ఆయన తేల్చాడు. అలలమీద ఎగిరే పలకలో, మనిషి కాలు పట్టీని అటూ ఇటూ లాగుతూనే ఉంటుంది కదా!

ఇక మరమ్మతు. ముందు మేము మరమేకులన్నీ విప్పి, ఉప్పునూ ఇసుకనూ మంచినీళ్ళతో కడిగి, బాగా ఆరబెట్టాము. తరువాత ఒక్కొక్క బెజ్జాన్నీ చూశాము. మరమేకు మాత్రమే వదులైందా? లోపలి చుట్లు అరిగాయా? లేక పలకలో దిగేసిన లోహపు గొట్టమే తిరుగుతున్నదా? రోగం తెలియకుండా మందు వేయకూడదు.

నాలుగింటిలో మూడు మరమేకులు ఉత్తగా వదులైనవే. వాటి చుట్లకు మర పట్టించే మందు ఒక్కొక్క చుక్క వేశాము. 1953లో అమెరికాలో వెర్నన్ క్రీబుల్ అనే రసాయనశాస్త్ర ఆచార్యుడు కనిపెట్టిన రకం మందు అది. గాలి తగులుతున్నంతసేపు నీరుగా ఉంటుంది. గాలి అందని లోహపు సందులో గట్టిపడుతుంది! ప్లాస్టిక్ మీద పడితే పగుళ్ళు రావచ్చు గనక, కారకుండా చూసుకున్నాము. వాషరు వేసి, మొదటి చుట్లు చేతితోనే తిప్పాము. వంకరగా ఎక్కితే చుట్లు చెడిపోతాయి. బిగిసిన తరువాత బలం చూపించలేదు. అతిగా బిగిస్తే గొట్టమే ఊడి వస్తుంది.

నాలుగోదాంట్లో గొట్టమే తిరుగుతున్నది. అది పెద్దల పని. వాళ్ళ మామే కూర్చుని, గొట్టం తీసి, బెజ్జం ఆరబెట్టి, రెండు పాళ్ళు కలిపే ఎపాక్సీ బంకతో నిటారుగా నిలిపాడు. మరమేకుకు మైనం రాసి ఉంచాడు గనక, అది బంకకు అంటుకోలేదు. రాత్రంతా కదపకుండా వదిలేశాము. ఆ పలక లోపల చెక్క ఉన్నది. వదులైన బెజ్జంలోంచి నీరు దిగితే చెక్క కుళ్ళుతుంది. అగ్గిపుల్లలు కుక్కితే జరిగేది అదే.

మన సీమలో నీరు కాదు, ఎండ చెక్కకు శత్రువు. ఎండాకాలంలో కర్ర ఎండి కుదించుకుపోయి, గొడ్డలి పిడి వదులవుతుంది. కొందరు దాన్ని నీళ్ళలో నానబెడతారు. ఉబ్బి బిగుస్తుంది, నిజమే. ఆరితే మళ్ళీ వదులే. దానికి చెక్క చీలిక కొట్టటమే సరైన మందు.

రామగిరి కొండలమీద 1990లలోనే గాలిమరలు నిలిచాయి. (2022నుంచి ఆ ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నది.) గాలిమరల స్తంభాలను ముక్కలుగా తెచ్చి బోల్టులతో కలుపుతారు. బిగువును కొలిచే పానాతో బిగించి, మళ్ళీ మళ్ళీ వచ్చి పరీక్షిస్తారు. నట్టుమీదినుంచి బోల్టుమీదికి రంగుతో ఒక గీత గీసే పద్ధతి ఉన్నది. నట్టు తిరిగితే గీత విడిపోయి కనిపిస్తుంది. ఎంత సులువైన ఉపాయమో చూశారా?

మామ వెళ్ళిన మర్నాడు ఆ కుర్రవాడు మళ్ళీ వచ్చాడు. చేతిలో తెల్లరంగు డబ్బా ఉన్నది.

“అయ్యవారూ, నా సైకిలు బ్రేకు నట్టు వేలితో తిప్పితేనే తిరుగుతున్నది. ఇన్నాళ్ళూ చూసుకోలేదు!” అన్నాడు.

పానాతో బిగించి, గీత గీసుకొని వెళ్ళాడు. మీరు కూడా ఈ ఆదివారం మీ సైకిలునూ, బడి ఉయ్యాలనూ ఒకసారి పరీక్షించండి. వదులైనది కనిపిస్తే ఆ రోజే పెద్దలకు చెప్పండి. నాలాగా రేపటికి వాయిదా వేయకండి.