కావలిగోపురములకు కావలి

జొన్నచేను కంకివేసినది మొదలు రైతు చేని నడుమ మంచె వేయును. నాలుగు గుంజలు పాతి, వానిపై అడ్డకఱ్ఱలు పఱచి, పైన తాటాకు కప్పు వేసి, అందు నిలుచుండి వడిసెలతో పిట్టలను తోలును. పంట యింటికి చేరిన పిదప మంచెను విప్పివేయును. గుంజలు దొడ్డిలోనికి, తాటాకులు పొయ్యిలోనికి పోవును. దానికై ఎవరును చింతింపరు. మరుసటి యేడు మఱల మంచె వేసికొనవచ్చును.

కాని, ఒకసారి కూలినచో మఱల ఎన్నడును లేవని మంచెలు కొన్ని ఈ లోకమున కలవు. అవి అమెరికా సంయుక్తరాష్ట్రముల అడవులలో, కొండకొనలపై, కార్చిచ్చులను కనిపెట్టుటకై కట్టిన కావలిగోపురములు. వానిలో మిగిలినవానిని కాపాడుటకై కొందఱు సంఘముగా ఏర్పడి, జీతబత్తెములు లేకుండ శ్రమించుచున్నారు. వారి శ్రమ సార్థకమా, వ్యర్థమా అనునదియే ఈ వ్యాసమున విచారింపదలచిన విషయము. విద్యార్థులారా! ఈ విచారణ దూరదేశమునకు సంబంధించినదే యైనను, దీనివలన తేలు నీతి మీకును పనికివచ్చునని నా నమ్మకము.

ముందుగా ఆ గోపురముల పుట్టుక తెలిసికొనవలెను. అమెరికాలో కేంద్రప్రభుత్వపు అటవీశాఖ 1905వ సంవత్సరమున ఏర్పడెను. అయిదేండ్లకే, 1910 ఆగస్టు 20, 21 తేదీలలో, ఐడహో, మోంటానా, వాషింగ్టన్ రాష్ట్రములందు పెనుగాలులతో చెలరేగిన దావాగ్ని రెండు దినములలో సుమారు 30 లక్షల ఎకరముల అడవిని దహించెను. 80 మందికి పైగా మరణించిరి. వారిలో ఎక్కువమంది ఆ మంటలను ఆర్పుటకై పోయినవారే. నిప్పు చిన్నదిగా నున్నప్పుడే చూడవలెను, పెరిగిన పిదప చూచి ప్రయోజనము లేదు అని ఆ విపత్తు అందఱకును నేర్పెను. అంతకుముందు అక్కడక్కడ మాత్రమే యున్న కావలిస్థలములు ఆపైన వేలసంఖ్యలో వెలసెను. నిరుద్యోగులైన యువకులకు పని కల్పించుటకై 1933లో స్థాపింపబడి 1942 వఱకు నడచిన సివిలియన్ కన్జర్వేషన్ కోర్ అను సంస్థ వీనిలో అనేకములను కట్టెను.

కొన్నిచోట్ల అవి ఎత్తైన ఇనుపగోపురములు. మఱికొన్నిచోట్ల, కొండకొననే గోపురముగా చేసికొని, దానిపై కట్టిన చిన్నగదులు. పశ్చిమరాష్ట్రములలో వ్యాపించిన ఒక విధమైన గది 14 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు కలది. నాలుగువైపులను కిటికీలే. దాని కలపను ముందుగానే కొలతలకు కోసి, కట్టలుకట్టి, కంచరగాడిదలపై కొండకు చేర్చెడివారు. గది నడుమ ఒక పీఠముపై విలియం ఆస్‌బోర్న్ అను అటవీ ఉద్యోగి కల్పించిన సాధనము నిలిచియుండును. అది గుండ్రని పటము. పటమునకు నడిమిబిందువు ఆ గోపురమే. చుట్టును 360 భాగములుగా గుర్తులున్న వలయము తిరుగుచుండును. కావలివాడు పొగను చూచినంతనే వలయమును త్రిప్పి, దానిపైనున్న రంధ్రమునుండి గుఱిచూచి, పొగ ఏ కోణమున నున్నదో చెప్పును. వేఱొక కొండపైనున్న కావలివాడును తన కోణమును చెప్పును. పటముపై ఆ రెండు గీతలును ఖండించుకొన్నచోట నిప్పున్నదన్నమాట. మీరు తరగతిలో విసుగుకొనుచు నేర్చుకొను రేఖాగణితము అచ్చట అడవులను కాపాడెను.

ఆ గదులలో నివసించినవారి జీవితము సుఖమైనది కాదు. పిడుగులు పడునపుడు, కాళ్లకు గాజుగుబ్బలు తొడిగిన పీటపై నిలుచుండి, చుట్టును మెఱుపులు ఎక్కడెక్కడ పడుచున్నవో గుర్తించుకొనవలెను. 1913లో కాలిఫోర్నియాలోని క్లామత్ జాతీయారణ్యమున ఎడ్డీ గల్చ్ అను కావలిస్థలమునకు హాలీ డాగెట్ అను స్త్రీ నియమింపబడెను. ఆ శాఖలో ఇట్టి పనికి నియుక్తురాలైన మొదటి స్త్రీ ఆమెయే. ఒంటరితనమునకు ఓర్వలేక ఆమె త్వరలోనే దిగివచ్చునని కొందఱు తలంచిరి. ఆమె 15 వేసవులు అచ్చటనే గడపెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఈ గోపురములలో కొన్ని శత్రువిమానములను కనిపెట్టుటకును ఉపయోగపడెను.

కాలము మాఱెను. విమానములు అడవులపై తిరిగి పొగను చూడసాగెను. పిమ్మట ఉపగ్రహములు వచ్చెను. ఒకప్పుడు 8,000కు పైగా నుండెనని లెక్కింపబడిన ఈ కావలిస్థలములలో అధికభాగము నశించెను. కొన్ని తమంతట తాము కూలెను. శిథిలమైన గోపురమెక్కి ఎవరైన పడినచో తమకు చిక్కువచ్చునని అధికారులు కొన్నింటిని తామే కాల్పించిరి. నిప్పునుండి అడవిని కాచిన గదికి నిప్పే పెట్టిరి!

ఈ స్థితిలో 1990వ సంవత్సరమున ఫారెస్ట్ ఫైర్ లుకౌట్ అసోసియేషన్ అను స్వచ్ఛందసంఘము ఏర్పడెను. దీనికి రాష్ట్రములవారీగా శాఖలు కలవు. మిగిలిన గోపురముల నెన్నుట, వాని చరిత్రను వ్రాసియుంచుట, చారిత్రక గోపురముల జాతీయపట్టికలో వానిని చేర్పించుట, పత్రిక నడుపుట, అధికారులతో కలిసి మరమ్మతులు చేయుట మొదలైనవి దీని పనులు.

ఇక విచారణకు వత్తము. మొదటి ఆక్షేపణ మీకు తోచియే యుండును. ఉపగ్రహములుండగా కొయ్యగదులెందుకు? ఆ ధనమును, శ్రమను వేఱొక మంచిపనికి వెచ్చింపరాదా?

దీనికి నేను చెప్పు సమాధానమిది. ఒక వస్తువునకు పాతపని తీరినంతమాత్రమున అన్ని పనులును తీరినట్లు కాదు. దక్షిణ కాలిఫోర్నియాలోని సాన్ బెర్నార్డినో అరణ్యమున స్వచ్ఛందసేవకులు నేటికిని వేసవిలో గోపురములందు కూర్చుండి పొగను కనిపెట్టుచున్నారు. వచ్చిన బాలురకు పటమును, వలయమును చూపి, అడవిలో నిప్పుతో ఎట్లు మెలగవలెనో బోధించుచున్నారు. ఆకాశముననుండు యంత్రము నిప్పును చూడగలదు. నిప్పుపెట్టకుడని పిల్లవాని చేయి పట్టుకొని చెప్పజాలదు. మఱికొన్ని గోపురములను అటవీశాఖవారు యాత్రికులకు రాత్రి బసకై అద్దెకిచ్చుచున్నారు. కనుక ఇవి కేవలము గతించినవి కావు.

రెండవ ఆక్షేపణ ఇంతకంటె బరువైనది. వాషింగ్టన్ రాష్ట్రమున గ్రీన్ మౌంటెన్ అను శిఖరముపై 1933లో కట్టిన గది యొకటి కలదు. ఆ ప్రదేశమును మానవనిర్మాణములకు, యంత్రములకు అతీతముగా ఉంచవలెనని 1964నాటి చట్టము విధించుచున్నది. అటవీశాఖవారు శిథిలమైన ఆ గదిని బాగుచేయబూని, 2009లో హెలికాప్టరుతో సామగ్రిని చేరవేసి మఱల నిలిపిరి. ఇది చట్టవిరుద్ధమని వన్యప్రదేశములను కాపాడు సంఘమొకటి వ్యాజ్యము వేసెను. 2012లో న్యాయస్థానము గదిని తొలగింపుమని ఆజ్ఞాపించెను. తుదకు 2014లో అమెరికా శాసనసభ ప్రత్యేకచట్టము చేసి ఆ గదిని అచ్చటనే నిలిపెను.

ఇందెవరిది తప్పు? గదిని ప్రేమించినవారును మంచివారే. అడవి నిశ్శబ్దమును ప్రేమించినవారును మంచివారే. రెండు మంచితనములు తగవులాడినపుడే మన వివేకమునకు పరీక్ష. గది నిలిచినందులకు నాకు సంతోషమే. ఐనను, పని మంచిదైనంతమాత్రమున పద్ధతి చెడ్డదైనను ఫరవాలేదను భావము స్వచ్ఛందసంఘములకు ప్రమాదకరమైనదని నా దృఢాభిప్రాయము. కంచరగాడిదలపై మెల్లగా చేరిన కలప ఆలస్యముగా చేరును. కాని దానివెంట వ్యాజ్యము రాదు. సేవ చేయుచున్నామను గర్వము నియమమును మఱపింపరాదు.

మూడవ మాట యొకటి కలదు. దీనిని ఆక్షేపణ అనుటకంటె హెచ్చరిక అనుట మేలు. 1935లో అటవీశాఖవారు, ఎచ్చట నిప్పు కనబడినను మరునాటి ఉదయము పదిగంటలలోపల ఆర్పవలెనని శాసించిరి. గోపురములు ఆ శాసనమునకు కన్నులయ్యెను. కాని కొన్ని అడవులకు అప్పుడప్పుడు చిన్నమంటలు అవసరమనియు, అన్నింటిని ఆర్పుచుపోయినచో ఎండుటాకులు, పుల్లలు పేరుకొని తుదకు పెనుమంట పుట్టుననియు తరువాతివారు గ్రహించిరి. 1970లలో ఆ పద్ధతిని విడిచిరి. కావున గోపురమును కాపాడువారు దాని సాహసగాథలను మాత్రమే చెప్పరాదు. ఆ పొరపాటును కూడ చెప్పవలెను. పూర్వుల తెలివిని, తెలివితక్కువను రెండింటిని చూపగల కట్టడమే నిజమైన పాఠ్యపుస్తకము. సగము చరిత్ర చెప్పుటకై గోడలకు రంగువేయనక్కఱలేదు.

ఈ మూడింటిని విచారించిన మీదట వారి శ్రమ సార్థకమనియే నేను తీర్మానించుచున్నాను. ఐతే ఒక నిబంధన కలదు. అది సంఘమును నడుపు విధమునకు సంబంధించినది.

ఇట్టి సంఘమును స్థాపించుట సులభము. నడుపుట కష్టము. భూమి తమది కాదు, గోపురము తమది కాదు. అవి ప్రభుత్వమువి. మేకు కొట్టవలెనన్నను అనుమతి కావలెను. అధికారి మాఱినపుడెల్ల కథ మొదటినుండి చెప్పవలెను. మంచు కప్పును విఱుచును. ఆకతాయిలు కిటికీల నద్దములు పగులగొట్టుదురు. ఎలుకలు గూళ్లు పెట్టును. పాతరంగులో సీసము కలదు గనుక దానిని గీకుటకు జాగ్రత్త కావలెను. ఛాయాచిత్రము తీసికొనునాడు ఏబదిమంది వత్తురు. మెట్లను బిగించునాడు అయిదుగురు వత్తురు. ఆ అయిదుగురే సంఘము. బీగముచెవి ఎవరియొద్ద నున్నదో, గత సంవత్సరము ఎన్ని మేకులు కొంటిమో, ఎవరు పైకెక్కి క్షేమముగా దిగిరో వ్రాసియుంచు పుస్తకమే దాని ప్రాణము. అన్ని గోపురములను కాపాడుట అసాధ్యము గనుక, దేనిని వదలవలెనో నిర్ణయించు ధైర్యమును కావలెను. ఇది అన్నింటికంటె కఠినమైన పని.

ఇంత చేసినను నిప్పు వచ్చి అంతయు తీసికొనిపోవచ్చును. కాలిఫోర్నియాలో వెటర్ మౌంటెన్ గోపురము 2009నాటి కార్చిచ్చులో కాలిపోయెను. దానిని నమ్ముకొనియున్న సేవకులు ఏండ్లతరబడి శ్రమించి మఱల కట్టిరి. ఒరెగాన్ రాష్ట్రమున 1942లో కట్టిన బుల్ ఆఫ్ ది వుడ్స్ గోపురము 2021లో కార్చిచ్చుకు ఆహుతియయ్యెను. ఫలము నిశ్చయముగా తెలియని పనిని క్రమము తప్పక చేయుటయే స్వచ్ఛందసేవకు గీటురాయి.

బాలబాలికలారా! మన నల్లమల అడవులలోను, శేషాచలపు కొండలలోను వేసవి వచ్చినంతనే కార్చిచ్చు భయము కలదు. 2004 నుండి భారత అటవీ సర్వేక్షణ సంస్థవారు ఉపగ్రహముల సాయముతో అటవీశాఖలకు హెచ్చరికలు పంపుచున్నారు. హెచ్చరిక వచ్చినను, ఆర్పుటకు కొండ ఎక్కవలసినది మనుష్యుడే. పచ్చికొమ్మలతో మంటను కొట్టవలసినది మనుష్యుడే. ఇది మఱువరాదు.

నా ఉద్యోగకాలమున అనేక విద్యార్థిసంఘములను చూచితిని. జూలైలో అధ్యక్షుని, కార్యదర్శిని ఎన్నుకొనుటకు గొప్ప పోటీ. దసరా సెలవులు ముగియునప్పటికి తోటకు నీరు పోయువాడు ఒక్కడు. గ్రంథాలయపు బీరువాకు చెవి యెక్కడనో ఎవరికిని తెలియదు. ఐతే నీరుపోయు ఆ ఒక్కనివలననే వేసవి తరువాత కొన్ని మొక్కలు మిగులుచుండెడివి.

కావున మీరును సంఘములు పెట్టుడు. మీ యూరి పాతబావిని గాని, పాఠశాల తోటను గాని, గ్రంథాలయమును గాని కాపాడబూనుడు. ఐతే అధ్యక్షుడెవరని అడుగుటకు ముందు, రెండవయేట బీగముచెవి ఎవరియొద్ద నుండునని అడుగుడు. ఆ ప్రశ్నకు సమాధానమున్న సంఘము నిలుచును.