జీతం చీటీ లేనివారికి ఇల్లు లేదా?

అద్దె ఇంటి కోసం వెళ్లిన మనిషిని ఇంటి యజమాని పూర్వం ‘ఎంతమంది ఉంటారు?’ అని అడిగేవాడు. ఇప్పుడు నగరాల్లో తొలి ప్రశ్న ‘ఏ కంపెనీలో పనిచేస్తారు?’ అన్నదే. కంపెనీ గుర్తింపు కార్డు, జీతం చీటీలు, ఉద్యోగ ధ్రువీకరణ లేఖ చూపగలిగినవారికి తలుపు తెరుచుకుంటుంది. చూపలేనివారికి ‘ఇంట్లో అడిగి చెబుతాం’ అన్న మాట మిగులుతుంది. ఆ తర్వాత ఏ కబురూ రాదు.

పైకి ఇది సహేతుకమైన షరతుగానే కనిపిస్తుంది. ఇల్లు అప్పగించే మనిషికి నెలనెలా అద్దె అందుతుందన్న భరోసా కావాలి. ఎందరో వృద్ధులకు ఆ అద్దే జీవనాధారం. ఆ జాగ్రత్తను మేము తప్పుపట్టడం లేదు. భరోసాకు జీతం చీటీ ఒక్కటే రూపమన్న భావననే ప్రశ్నిస్తున్నాం. అందరికీ ఒకటిగా పెట్టిన ఈ షరతు అందరి మీదా ఒకే బరువుతో పడదు.

2006లో కేంద్ర ప్రభుత్వానికి నివేదిక సమర్పించిన జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ ఈ బరువును లెక్కగట్టింది. ముస్లిం శ్రామికుల్లో సుమారు 61 శాతం మంది స్వయం ఉపాధి మీద బతుకుతున్నారని, ముస్లిం పురుష శ్రామికుల్లో 12 శాతానికి పైగా వీధి వ్యాపారంలో ఉన్నారని చెప్పింది. వీధి వ్యాపారంలో జాతీయ సగటు 8 శాతం లోపే. మన చుట్టూ చూసినా అదే దృశ్యం. మెకానిక్ షెడ్డు, పండ్ల బండి, జర్దోజీ మగ్గం, దర్జీ దుకాణం, ఆటో: ఈ పనుల్లో ఉన్నవారికి లేఖ రాసిచ్చే యజమాని ఎవరు? భర్త గల్ఫ్‌లో ఉండి ఇక్కడ పిల్లల్ని చదివించుకుంటున్న తల్లి ఏ కంపెనీ కార్డు చూపించాలి? కుట్టుపనితో ఇల్లు నడుపుతున్న వితంతువు ఎవరి సంతకం తేవాలి?

ఇంకొక కఠిన సత్యం ఉంది. లేఖ ఉన్నా, పేరు వినగానే ముఖం మారే ఇళ్లున్నాయి. ఢిల్లీ, దాని పరిసర నగరాల అద్దె ఇళ్ల మీద సుఖదేవ్ థోరట్ బృందం చేసిన అధ్యయనం 2015లో వెలువడింది. ఫోనులో ఇల్లు అడిగినప్పుడు ఉన్నత కులాల హిందువుల్లో ఎవరికీ నిరాకరణ ఎదురుకాలేదు. దళితుల్లో 18 శాతం మందికి, ముస్లింలలో 31 శాతం మందికి నేరుగా లేదన్నారు. ‘మీ మతానికి ఇవ్వం’ అని చెప్పడానికి జంకేవారికి ‘మీకు ఉద్యోగం లేదు కదా’ అన్న మాట మర్యాదగల ముసుగుగా అక్కరకొస్తోంది. అద్దె భయం ఎక్కడ ముగుస్తుందో, ద్వేషం ఎక్కడ మొదలవుతుందో తెలియకుండా పోతోంది.

ఆ ముసుగు తొలగించే పని సగం మనది, సగం ప్రభుత్వానిది.

మన వంతు, సంపాదనను కాగితం మీదికి తేవడం. నగదులోనే బతుకు సాగిపోతే బజారులో ఎంత పరపతి ఉన్నా అపరిచితుడికి అది కనిపించదు. రోజువారీ రాబడిని బ్యాంకు ఖాతాలో వేసుకుంటే 12 నెలల ఖాతా వివరాలే జీతం చీటీ కన్నా గట్టి సాక్ష్యం. ఆదాయం పన్ను పరిధికి రాకపోయినా రిటర్ను దాఖలు చేసుకోవచ్చు. చిన్న వ్యాపారికి ఉద్యమ్ నమోదు ఉచితం. వీధి వ్యాపారులకు 2014 నాటి చట్టం కింద పురపాలక సంస్థ గుర్తింపు పత్రం పొందే హక్కుంది. అన్నిటికీ మించి, పాత ఇంటి అద్దె రసీదులు, ఆ ఇంటి యజమాని రాసిచ్చిన నాలుగు మాటలు ఎంతో విలువైనవి. అద్దె సక్రమంగా కట్టిన మనిషి అనడానికి కంపెనీ సాక్ష్యం కన్నా పాత ఇంటి యజమాని సాక్ష్యమే సూటిది. లావాదేవీని రాసుకోమని, సాక్షుల్ని పెట్టుకోమని ఖురాన్ అల్ బఖరా సూరాలో ఆదేశించిన సమాజం మనది. అయినా అడ్వాన్సు ఇచ్చి రసీదు అడగడానికి మొహమాటపడుతున్నాం.

మస్జిద్ కమిటీలు, వృత్తి సంఘాలు కూడా ముందుకు రావాలి. తమకు ఏళ్ల తరబడి తెలిసిన కుటుంబం గురించి బాధ్యతగా ఒక పరిచయ లేఖ ఇవ్వవచ్చు. అయితే దాన్ని సిఫారసుల సంతగా మార్చకూడదు. తెలిసినంతే రాయాలి. అబద్ధపు సాక్ష్యం ఒక్కటి చాలు, తర్వాతి పది కుటుంబాల దారి మూసుకుపోవడానికి.

మనలోని ఇళ్ల యజమానులకూ ఒక మాట. మెహదీపట్నంలోనైనా టోలీచౌకీలోనైనా సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి చిరునవ్వు, ఆటో నడిపే సోదరుడికి అనుమానపు చూపు అయితే, బయటివారి వివక్షను ఖండించే మన గొంతుకు బలం ఎక్కడిది?

ఇక ప్రభుత్వం వంతు. రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాలు, హోటళ్లు, బావుల వద్ద పౌరుల పట్ల వివక్షను నిషేధించింది. అద్దె ఇంటిని మాత్రం అందులో పేర్కొనలేదు. పార్సీలకే సభ్యత్వమన్న ఒక గృహ సహకార సంఘం నియమాన్ని 2005లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం రాతపూర్వక ఒప్పందాన్ని తప్పనిసరి చేసింది, నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదంది. మతం, కులం కారణంగా ఇల్లు నిరాకరించరాదన్న ఒక్క వాక్యం దానికి కరువైంది. సచార్ కమిటీ కోరిన సమాన అవకాశాల కమిషన్ నేటికీ ఏర్పడలేదు. ఆ ఒక్క వాక్యాన్ని తమ చట్టాల్లో చేర్చమని, జీతం చీటీతో పాటు బ్యాంకు ఖాతా వివరాలను, అద్దె రసీదులను సమానమైన రుజువులుగా గుర్తించమని రెండు తెలుగు రాష్ట్రాల శాసనసభ్యులను మేము కోరుతున్నాం. ఓటు అడగడానికి వచ్చినప్పుడు ఈ ప్రశ్న వారి ముందుంచడం మన బాధ్యత.

అడిగిన రుజువు మన చేతిలో ఉన్నప్పుడు, అద్దె గురించే బెంగపడిన యజమాని నిశ్చింతగా తాళంచెవి ఇస్తాడు. అప్పటికీ ఇవ్వనివాడు తన అసలు కారణం తానే చెప్పుకోవలసి వస్తుంది. ఆ కారణానికి చట్టం సమాధానం చెప్పాలి.