బెల్టు మాట తెలుగులో చెప్పరేం?

తోట్లవల్లూరు నుంచి కంకిపాడు మీదుగా గన్నవరం విమానాశ్రయానికి వెళ్లే కార్లలో ఇప్పుడు చదువులకు పోయే పిల్లలే కాదు, వాళ్ల అమ్మానాన్నలూ ఉంటున్నారు. కూతురి పురిటికనో, మనవడి మొదటి పుట్టినరోజుకనో అరవై దాటాక మొదటిసారి విమానమెక్కేవాళ్లు. వీసా ఇంటర్వ్యూలో ఏమడుగుతారో, ఏం చెప్పాలో పిల్లలు ఫోన్లో వారాల తరబడి నూరిపోస్తారు. సీటు బెల్టు గురించి మాత్రం ఒక్కరూ చెప్పరు.

2024 మే 21న లండన్ నుంచి సింగపూర్ వెళ్తున్న సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానం మయన్మార్ మీద 37 వేల అడుగుల ఎత్తున కుదుపుల్లో చిక్కుకుంది. అందులో 211 మంది ప్రయాణికులు, 18 మంది సిబ్బంది. బ్రిటన్‌కు చెందిన 73 ఏళ్ల ప్రయాణికుడొకరు చనిపోయారు, పదుల సంఖ్యలో గాయపడ్డారు, విమానాన్ని బ్యాంకాక్‌కు మళ్లించారు. సింగపూర్ దర్యాప్తు సంస్థ ప్రాథమిక నివేదికలో ఒక వివరం ఉంది. బెల్టు దీపం వేశామని పైలట్లలో ఒకరు అన్న ఎనిమిది సెకన్లకే అసలు దెబ్బ పడింది. సెకనులో సగానికి కాస్త ఎక్కువ సేపట్లోనే బెల్టు లేనివాళ్లు సీట్లలోంచి పైకి లేచిపోయారు, ఆ తర్వాత నాలుగు సెకన్లలో కిందపడ్డారు. ఆ కాస్త సేపట్లో విమానం దిగింది 178 అడుగులే. వేల అడుగులు పడిపోయిందని ఆరోజు టీవీల్లో గగ్గోలు పెట్టిన సంగతి వేరు.

ఎనిమిది సెకన్లలో టాయిలెట్ నుంచి సీటు దాకా ఎవరూ రాలేరు. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ అసలే రాలేదు. దీపం వెలిగాక పెట్టుకుందాంలే అనే లెక్క ఇక్కడే తప్పుతుంది.

పైలట్లు ముందే చెప్పొచ్చుగా అంటారు. విమానం ముక్కులో ఉండే వాతావరణ రాడార్ పట్టేది నీటి చుక్కల్ని. అందుకే ఉరుముల మేఘం కనిపిస్తుంది, దాన్ని తప్పించుకుని పోతారు. పైయెత్తుల్లో వేగంగా వీచే జెట్ గాలుల అంచున మేఘమే లేకుండా పుట్టే సుడులు రాడార్‌కు అందవు. వేడెక్కుతున్న భూమి పుణ్యమా అని అవీ పెరుగుతున్నాయి. ఉత్తర అట్లాంటిక్ మీద ఇలాంటి తీవ్రమైన కుదుపులు 1979, 2020 మధ్య 55 శాతం పెరిగాయని ఇంగ్లండ్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయం 2023లో లెక్కతేల్చింది. అమెరికా వెళ్లే మనవాళ్లలో చాలామంది దాటేది ఆ సముద్రాన్నే.

మన దగ్గర భయం మేఘాలతోనే. 2022 మే 1న ముంబై నుంచి దుర్గాపూర్ వెళ్తున్న స్పైస్‌జెట్ విమానం దిగేటప్పుడు తీవ్రమైన కుదుపులకు గురైంది. ప్రయాణికులు, సిబ్బంది కలిపి పదిమందికి పైగా గాయపడ్డారు. వారిలో ఒకరు నెలల తరబడి ఆసుపత్రిలో ఉండి సెప్టెంబరులో కన్నుమూశారు. బంగాళాఖాతం పక్కనున్న మనకూ వేసవి సాయంత్రాల ఉరుముల మేఘాలు కొత్త కాదు. గన్నవరం, హైదరాబాద్ మధ్య తిరిగే చిన్న ఏటీఆర్ విమానాలు 25 వేల అడుగులకు మించి ఎగరలేవు కాబట్టి అలాంటి మేఘం మీదుగా దాటడం వాటివల్ల కాదు, చుట్టూ తిరిగి పోవాల్సిందే.

రెక్క విరిగిపోతుందేమోనన్న భయం మాత్రం వద్దు. సర్వీసులో ఎదురయ్యే గరిష్ఠ భారానికి ఒకటిన్నర రెట్లు తట్టుకుంటేనే విమానానికి అనుమతి. 2010లో బోయింగ్ డ్రీమ్‌లైనర్ రెక్కను పరీక్షలో పాతిక అడుగుల దాకా పైకి వంచారు, విరగలేదు. విరిగేది మన ఎముకలు. అమెరికాలో 2009, 2022 మధ్య కుదుపుల వల్ల తీవ్రంగా గాయపడిన 163 మందిలో 129 మంది సిబ్బందే, అంటే నిలబడి మనకు టీ ఇస్తున్నవాళ్లు. వాళ్లు కూర్చోమంటే విసుక్కునే ముందు ఈ అంకె గుర్తు తెచ్చుకోవాలి.

బెల్టు పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీదుగా బిగువుగా ఉండాలి. పడుకునేటప్పుడు దుప్పటి పైనుంచి పెట్టుకుంటే సిబ్బంది వచ్చి లేపరు. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా లేచి నడవాల్సిందే, కానీ తిరిగి కూర్చోగానే బెల్టు పెట్టేయాలి. నడుస్తుండగా కుదుపు మొదలైతే సొంత సీటు కోసం వెతుక్కోకుండా దొరికిన సీట్లో కూలబడాలి. అదీ లేకపోతే నేలమీదే కూర్చుని సీటు కాలు పట్టుకోవాలి.

ఇవన్నీ విమానంలో చెబుతూనే ఉంటారు, కానీ ఎక్కువగా ఇంగ్లీషులో, హిందీలో. విమానాశ్రయాల్లో ముందు స్థానిక భాషలో ప్రకటనలు చేయాలని 2018 డిసెంబరులోనే ఆదేశాలిచ్చారు. ఆ ఆదేశం విమానం తలుపు దగ్గరే ఆగిపోయింది. 2024 జూన్ నుంచి పౌర విమానయాన శాఖను చూస్తున్నది శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు. గన్నవరం, విశాఖ, తిరుపతి, రాజమహేంద్రవరం నుంచి లేచే ప్రతి విమానంలో 'కూర్చున్నంతసేపూ బెల్టు తీయకండి' అని తెలుగులో చెప్పించాలని ఆయన్ను కోరుతున్నాం. దానికి చట్టం అక్కర్లేదు, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ సర్క్యులర్ ఒకటి చాలు.