చక్కెర వేయని చాక్లెట్ ఉండ కూడా మిఠాయే

మధ్యతరగతి ఇళ్ల ఫ్రిజ్‌లలో ఇప్పుడొక కొత్త డబ్బా కనిపిస్తోంది. ఖర్జూరాలు, బాదం, కోకో పొడి, కొబ్బరినూనె కలిపి మిక్సీలో తిప్పి, ఉండలు చుట్టి చల్లబెడతారు. పొయ్యి వెలిగించే పని లేదు, ఓవెన్ అక్కర్లేదు. చక్కెర లేదు, మైదా లేదు, పాలు లేవు. పేరు ‘పేలియో చాక్లెట్’. పిల్లల స్నాక్స్ డబ్బాలోకి వెళ్తోంది, షుగరున్న తాతగారి పళ్లెంలోకీ వెళ్తోంది. మా ఓపీకి వచ్చే మధుమేహుల్లో కొందరు ‘స్వీట్లు పూర్తిగా మానేశామండీ’ అంటారు. ఇంకాసేపు మాట్లాడితే ఈ ఉండల సంగతి బయటికొస్తుంది. రోజుకు మూడో నాలుగో. వాటిని వాళ్లు స్వీట్ల లెక్కలో రాసుకోరు. నా పేచీ అంతా ఆ లెక్కతోనే.

ఉండలతో పేచీ లేదు. రంగులు, వనస్పతి, మైదా కలిసిన బేకరీ పేస్ట్రీతో పోలిస్తే ఇంట్లో చేసిన ఈ తీపి నిస్సందేహంగా మేలు. ఇందులో పీచు ఉంది, గింజల్లోని మంచి కొవ్వు ఉంది, తినేవాళ్లకు ఏం తింటున్నామో తెలుసు. చిక్కల్లా ‘పేలియో’, ‘హెల్దీ’ అనే రెండు మాటలు తగిలించగానే అది మందులా మారిపోవడం.

అసలు పేలియో అంటే ఏమిటి? వ్యవసాయం పుట్టకముందు, అంటే సుమారు పదివేల ఏళ్ల కిందటి దాకా వేటాడి, ఏరుకుని బతికిన మనిషి తిండే మన ఒంటికి సరిపడుతుందనే వాదన. 1975లో వాల్టర్ వోగ్ట్లిన్ అనే అమెరికా జీర్ణకోశ వైద్యుడు దీనిమీద పుస్తకం రాశారు. 1985లో బాయిడ్ ఈటన్, మెల్విన్ కానర్ ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో రాసిన వ్యాసంతో దీనికి వైద్యుల్లో గుర్తింపు వచ్చింది. 2002లో లోరెన్ కార్డెయిన్ పుస్తకంతో జనంలోకి వెళ్లింది. మాంసం, చేపలు, గుడ్లు, కూరగాయలు, పళ్లు, గింజలు తినొచ్చు. బియ్యం, గోధుమలు, పప్పులు, పాలు, చక్కెర కూడదు. వేరుశనగ కూడా కూడదు, అది పప్పుజాతి కాబట్టి.

ఈ లెక్కన మన కందిపప్పు నిషిద్ధం, పెరుగు నిషిద్ధం, సున్నుండ నిషిద్ధం. చాక్లెట్ మాత్రం సరే! కోకో చెట్టు పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ ఎగువ ప్రాంతం. మనుషులు దాన్ని వాడిన ఆనవాళ్లలో బాగా పాతవి ఈక్వెడార్‌లో దొరికాయి, వాటి వయసు దాదాపు 5,300 ఏళ్లు. అంటే రాతియుగం వేటగాడు కోకో ఉండ చుట్టుకున్నాడనడానికి దాఖలా లేదు. మన పూర్వీకులైతే దాని పేరు కూడా విని ఉండరు. ఇవాళ గోదావరి జిల్లాల కొబ్బరి, పామాయిల్ తోటల్లో కోకో అంతరపంటగా పండుతోంది, అది వేరే సంగతి. పొయ్యి వెలిగించకుండా తీపి చేయడం కూడా మనకు కొత్త కాదు. శ్రీరామనవమికి పచ్చి చలిమిడి చేస్తాం. నువ్వులు, బెల్లం రోట్లో దంచి చిమ్మిలి చేస్తాం. అయితే చిమ్మిలిని ఎవరూ డైట్ అని పిలవలేదు. ఒక ఉండ, మహా అయితే రెండు. అంతటితో డబ్బా మూత పడేది.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. ఫోన్లలో తిరిగే వీడియోల్లో తరచూ కనిపించే కొలతలు దాదాపు ఇలా ఉంటాయి: పావుకిలో ఖర్జూరం, కప్పు బాదం, అరకప్పు కొబ్బరినూనె, పావుకప్పు తేనె, అరకప్పు కోకో పొడి. వీటితో పదహారు ముక్కలు వస్తాయనుకుందాం. మొత్తం మీద 2,800 కేలరీల పైమాటే. ఒక్కో ముక్కకు సుమారు 175. అంటే మూడు ఇడ్లీలంత. ఒక్కో ముక్కలో పద్నాలుగు గ్రాముల దాకా చక్కెర, అంటే దాదాపు మూడు చెంచాలు. ‘చక్కెర వేయలేదు కదా’ అంటారు. వేయలేదు, ఖర్జూరంతోనూ తేనెతోనూ వచ్చింది. ఎండు ఖర్జూరం బరువులో మూడింట రెండు వంతులు చక్కెరలే. తేనెలో ఎనభై శాతం పైన. తేనెను ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా తగ్గించుకోవాల్సిన చక్కెరల జాబితాలోనే పెట్టింది.

ఖర్జూరానికి న్యాయం చేయాలంటే ఒక మాట చెప్పాలి. అదే బరువు చక్కెర తిన్నంత వేగంగా అది రక్తంలో గ్లూకోజును పెంచదు. పీచు ఉంది, పొటాషియం ఉంది. రెండు చిన్న ఖర్జూరాలు తింటే చాలామంది మధుమేహులకు ఏమీ కాదు. కానీ వాటిని నానబెట్టి, మిక్సీలో ముద్ద చేసి, నూనె చేర్చి ఉండ చుడితే, నాలుగు ఖర్జూరాలు రెండు నిమిషాల్లో గొంతు దిగిపోతాయి. నమిలి తినాల్సి వస్తే మనిషి ఎక్కడో ఒకచోట ఆగుతాడు. ముద్దకు ఆ అడ్డు లేదు. ఇంకో తిరకాసు ఉంది. కొవ్వు ఎక్కువున్న తిండి జీర్ణాశయంలోంచి నెమ్మదిగా కదులుతుంది. అందుకని తిన్న గంటకు గ్లూకోమీటరుతో చూసుకుంటే అంకె బాగానే ఉంటుంది, ఆ తర్వాత పెరగొచ్చు. ‘చూసుకున్నానండీ, ఏం పెరగలేదు’ అని ధీమాగా చెప్పేవారి మూడు నెలల సగటు, అంటే హెచ్‌బీఏ1సీ, మరో కథ చెబుతుంది.

కొబ్బరినూనె సంగతీ ఇంతే. అది సహజమైనదే, కాదనను. కానీ దాంట్లో ఎనభై శాతానికి పైగా సంతృప్త కొవ్వే. వంటకు తాలింపులో వాడే చెంచా వేరు, అరకప్పు గడ్డకట్టించి తినడం వేరు. పై కొలతల్లో ఒక్కో ముక్కలో ఆరు గ్రాముల దాకా సంతృప్త కొవ్వు ఉంటుంది. రోజుకు 2,000 కేలరీలు తినేవారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు 22 గ్రాములు. రెండు ముక్కలతోనే సగానికి పైగా అయిపోతుంది. ఇంట్లో చెడు కొలెస్ట్రాల్ ఎక్కువున్నవారు, స్టెంట్ వేయించుకున్నవారు ఉంటే ఈ నూనె లేకుండా చేసుకోవడం మంచిది. పైగా కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. మన ఎండల్లో ఆ ఉండ స్కూలు బ్యాగులో మధ్యాహ్నానికి జావైపోతుంది.

చాక్లెట్ గుండెకు మంచిదనే మాట ఎంతవరకు నిజం? కోకోలో ఫ్లేవనాల్స్ అనే పదార్థాలున్నాయి, అవి రక్తనాళాలను కాస్త సడలిస్తాయి. అమెరికాలో ఇరవై ఒక్క వేల మందికి పైగా పాల్గొన్న ‘కాస్మోస్’ అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి. గుండెపోటు, పక్షవాతం వంటివన్నీ కలిపి లెక్కేస్తే, కోకో సారం తీసుకున్నవారికి చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. గుండెజబ్బు మరణాలు మాత్రం కొంత తక్కువగా కనిపించాయి. అక్కడ వాడింది రోజుకు 500 మిల్లీగ్రాముల ఫ్లేవనాల్స్ ఉన్న గుళికలు, చాక్లెట్ కాదు. పైగా నల్లగా, నున్నగా కనిపించే డచ్ పద్ధతి కోకో పొడిలో క్షారం కలిపి శుద్ధి చేయడం వల్ల ఈ ఫ్లేవనాల్స్ చాలావరకు పోతాయి. కొనేటప్పుడు ‘నేచురల్’ అని, చక్కెర కలపనిదని చూసి తీసుకోండి. రుచి కోసం వేసుకోండి, గుండె కోసమని కాదు.

కొందరు కోకో పొడి బదులు బజారులో దొరికే చాక్లెట్ బిళ్లను కరిగించి పోస్తున్నారు. ‘డార్క్ కాంపౌండ్’ అని రాసి ఉంటే దాని వెనుక అట్ట తిప్పి చదవండి. చాలావాటిలో మొదటి పదార్థం చక్కెర. రెండోది కోకో వెన్నకు బదులు వాడే చవక వనస్పతి కొవ్వు. ‘డార్క్’ అన్న మాట రంగుకే తప్ప గుణానికి వర్తించదు. దాంతో చేసింది పేలియో కాదు, ఇంట్లో చేసిన బేకరీ సరుకు.

మరి ఎలా చేసుకోవాలి? నేను రోగులకు చెప్పే కొలత ఇది. గింజ తీసిన మెత్తటి ఖర్జూరం వంద గ్రాములు, బాదం యాభై, నువ్వులు ముప్పై, ఎండు కొబ్బరి కోరు పది, కోకో పొడి పదిహేను గ్రాములు. నూనె లేదు, తేనె లేదు. బాదం, నువ్వులు ముందు బరకగా తిప్పండి, మరీ ఎక్కువ తిప్పితే నూనె ఊరి జిగురవుతుంది. తర్వాత ఖర్జూరం, కోకో వేసి ముద్దయ్యేదాకా తిప్పండి. చేతికి అంటుకుంటే కొబ్బరి కోరులో దొర్లించండి. ఇరవై ఉండలు చేయాలి, పది కాదు. పెద్ద ఉసిరికాయంత కూడా అక్కర్లేదు, గోళీకాయ కన్నా కాస్త పెద్దది చాలు. ఒక్కోదాంట్లో సుమారు 40 కేలరీలు, మూడు గ్రాముల పైచిలుకు చక్కెర ఉంటాయి. మధుమేహం ఉన్నవారు భోజనం అయ్యాక ఒకటి, అదీ రోజూ కాదు. ఆ పూట అన్నం రెండు ముద్దలు తగ్గించాలి. పప్పు మానాల్సిన పనిలేదు. శాకాహారులు పేలియో పేరుతో పప్పు, పెరుగు మానేస్తే వారికి మాంసకృత్తులు ఎక్కడి నుంచి వస్తాయి? కోకో ఉండల్లోంచి మాత్రం రావు.

మందులు వాడుతున్నవారి విషయం వేరే చెప్పాలి, ఎందుకంటే ప్రాణం మీదికి వచ్చేది ఇక్కడే. ఉండలు తింటే ఏమవుతుందన్నది చిన్న సమస్య. వాటితోపాటు పేలియో మొదలుపెట్టి, అన్నం, రొట్టె ఒక్కరోజులో మానేసి, మాత్రలు మాత్రం పాత మోతాదులోనే వేసుకోవడం పెద్ద సమస్య. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ మీరు తిన్నారా లేదా అని చూడవు. తమ పని తాము చేసుకుపోతాయి. గ్లూకోజు 70 కన్నా కిందికి పడితే చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబడటం. అప్పుడు ఇంట్లోవాళ్లు చేతికందిన చాక్లెట్ ఉండ నోట్లో పెడతారు. పెట్టకండి. దాంట్లోని కొవ్వు చక్కెరను త్వరగా ఒంటికి పట్టనివ్వదు. మూడు చెంచాల చక్కెర లేదా గ్లూకోజు పొడి నీళ్లలో కలిపి తాగించండి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఇంకో రకం మాత్రలున్నాయి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్. మూత్రంలోంచి గ్లూకోజును బయటికి పంపేవి. గుండెకు, కిడ్నీకి మేలు చేస్తాయి కాబట్టి ఇప్పుడు చాలామందికి రాస్తున్నాం. ఇవి వేసుకుంటూ పిండిపదార్థాలు బాగా తగ్గిస్తే, ఉపవాసాలుంటే, కొందరిలో రక్తంలో ఆమ్లం పెరిగిపోయే కీటోఎసిడోసిస్ వస్తుంది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, విపరీతమైన నీరసం. గ్లూకోమీటరులో అంకె అంత ఎక్కువగా ఉండదు, అదే మోసం. గ్యాస్ట్రిక్ అనుకుని రెండు రోజులు ఇంట్లోనే గడిపేస్తారు. ఈ మాత్రలు వాడేవారు డైట్ మార్చే ముందు చీటీ పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మోతాదు తగ్గించాలా, కొన్నాళ్లు ఆపాలా అన్నది పది నిమిషాల సంభాషణ.

నాలుగేళ్లలోపు పిల్లలకు బాదం పలుకులు తగిలేలా చేసిన ఉండలు పెట్టొద్దు, గొంతులో అడ్డం పడొచ్చు. మెత్తగా పొడి చేసి కలపండి. కోకోలో కెఫీన్ కొంత ఉంది కాబట్టి రాత్రి పూట వద్దు. ఇక కిడ్నీ జబ్బు ముదిరినవారికి, డయాలసిస్‌లో ఉన్నవారికి ఖర్జూరం, బాదం, కొబ్బరి, కోకో ఈ నాలుగింట్లోనూ పొటాషియం ఎక్కువే. రక్తంలో అది పెరిగితే గుండె లయ తప్పుతుంది. అలాంటివారిని చూడటానికి వెళ్తూ ‘చక్కెర వేయలేదు, తినొచ్చు’ అని ఈ డబ్బా పట్టుకెళ్లకండి. రెండు ఆపిల్ పళ్లు చాలు.