దిద్దే చెయ్యి ఎక్కడుంది?

కామారెడ్డిలో అయినా ఎల్లారెడ్డిలో అయినా, కొంచెం పాతబడ్డ కాలేజీ ఆఫీసులో అడ్మిషన్ రిజిస్టర్ అని ఒక పెద్ద పుస్తకం ఉంటుంది. దళసరి అట్ట, వీపున గుడ్డ అతుకు, రెండు చేతులా ఎత్తితే తప్ప కదలదు. లోపల ఒక్కో విద్యార్థికి ఒక్కో వరుస. పేరు, తండ్రి పేరు, మాతృభాష, కులం, తెచ్చిన టీసీ నంబరు, ఒంటి మీద రెండు పుట్టుమచ్చలు. పుట్టిన తేదీని మాత్రం రెండుసార్లు రాయాలి, ఒకసారి అంకెల్లో, ఒకసారి అక్షరాల్లో. చేతిరాతలో 1 కాస్తా 7లాగా పడితే పక్కనున్న అక్షరాలు దొంగను పట్టించేవి. టీసీ చూసి ఎక్కించేటప్పుడు తప్పు దొర్లితే జూనియర్ అసిస్టెంట్ ఎర్ర సిరాతో కొట్టేసి పైన సరైనది రాసేవాడు. ప్రిన్సిపాల్ పక్కన పొడి సంతకం పెట్టేవారు. కొట్టేసిందీ కనపడేది, రాసిందీ కనపడేది, ఎవరు ఒప్పుకున్నారో కూడా కనపడేది.

ఆ పుస్తకం ఇప్పుడు బీరువా ఎక్కింది. దాని పని ఒక తెర చేస్తోంది. కాగితాల మీద స్టూడెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టం అంటారు, అమ్మేవాళ్లు ఈఆర్‌పీ అంటారు, ఆఫీసులో అందరూ పిలిచేది మాత్రం ‘సైట్’ అనే. అడ్మిషన్, ఫీజు, హాజరు, నామినల్ రోల్స్, హాల్ టికెట్, మార్కుల మెమో, ఆఖరికి టీసీ, అన్నీ ఒక్కచోటే. నంబరు కొడితే పిల్లవాడి మూడేళ్ల జాతకం ముందుకొస్తుంది. బోనఫైడ్ కోసం వారం తిప్పే రోజులు పోతే ఎవరికి చేదు? నా పేచీ ఒక్కటే. పుస్తకంలో తప్పు పడితే దిద్దే చెయ్యి ఆ గదిలోనే ఉండేది. సైట్‌లో తప్పు పడితే ఆ చెయ్యి ఎక్కడుందో గదిలో ఎవరూ చెప్పలేకపోతున్నారు.

ఎల్లారెడ్డి దగ్గరి తండా నుంచి డిగ్రీకి వచ్చిన అమ్మాయిని ఊహించుకోండి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందు ఉంది. ఆధార్‌లో అదే ఇంటిపేరు పూర్తిగా, చివర ఉంది. బ్యాంకు పాస్‌బుక్కులో అసలు లేదు. ఈ మూడూ ఒక్క మనిషివే అని తండా అంతటికీ తెలుసు, సైట్‌కు తెలియదు. స్కాలర్‌షిప్ ఆగింది. కిటికీ దగ్గర దొరికే జవాబు ఈ జిల్లాలో పిల్లలందరికీ కంఠతా వచ్చు: “సిస్టంల అట్లనే పడ్డది బిడ్డా, మా చేతుల ఏం లేదు. ఆధార్ సెంటర్‌కు పోయి మార్పిచ్చుకొని రా.” ఆ గుమస్తా అబద్ధమాడటం లేదు. అతనికిచ్చిన లాగిన్‌తో చూడటం కుదురుతుంది, ముట్టుకోవడం కుదరదు.

పేర్ల గొడవ చిన్నదనుకునేవాళ్లు ఒకసారి జిల్లా పటం చూడాలి. మద్నూర్, జుక్కల్ వైపు మరాఠీ ఇళ్లు. అక్కడ తండ్రి పేరు పిల్లల పేరు మధ్యలో కూర్చుంటుంది. గాంధారి, లింగంపేట, ఎల్లారెడ్డి మండలాల్లో లంబాడా తండాలు, రాథోడ్‌లు, చౌహాన్‌లు పేరు చివర వస్తారు. తెలుగు ఇళ్లలో ఇంటిపేరు ముందు. ముస్లిం పిల్లల్లో చాలామందికి ఇంటిపేరు అనే లెక్కే ఉండదు, మూడు నాలుగు మాటలూ కలిస్తేనే పేరు. పుస్తకంలో ‘పేరు’ అని ఒకే గడి ఉండేది, మొత్తం అందులో పట్టేది. సైట్ ఫస్ట్ నేమ్ వేరే అడుగుతుంది, లాస్ట్ నేమ్ వేరే అడుగుతుంది, రెండోది ఖాళీగా వదిలితే ముందుకు కదలదు. నింపేవాడు ఏదో ఒకటి నింపుతాడు. కొందరు చుక్క పెడతారు, కొందరు ఉన్న పేరునే మళ్లీ కొడతారు. ఆ చుక్కే మూడేళ్ల తరవాత డిగ్రీ పట్టా మీదికి ఎక్కితే అప్పుడు మొదలవుతుంది తిరుగుడు.

ఇక్కడి కాలేజీలు పాతలోంచి కొత్తలోకి దూకడం ఇది మొదటిసారేం కాదు. డిచ్‌పల్లిలో తెలంగాణ యూనివర్సిటీ 2006లో వచ్చింది, అంతకు ముందు ఈ కాలేజీలన్నీ ఉస్మానియా కింద. 2016 అయితే మరీ విచిత్రమైన సంవత్సరం. ఆ వేసవిలోనే డిగ్రీ అడ్మిషన్లకు ‘దోస్త్’ అనే ఆన్‌లైన్ పద్ధతి మొదలైంది. అదే ఏడాది రాష్ట్రమంతా డిగ్రీలో ఏడాది పరీక్షలు పోయి సీబీసీఎస్ పేరుతో సెమిస్టర్లు వచ్చాయి. అక్టోబర్ 11న నిజామాబాద్ నుంచి విడిపోయి కామారెడ్డి జిల్లా అయింది. అంటే ఆ బ్యాచ్ పిల్లల ఇంటర్ మెమో ఒక జిల్లా, డిగ్రీ నడుమ తెచ్చిన ఆదాయ సర్టిఫికెట్ ఇంకో జిల్లా. వాళ్లకు సెమిస్టర్లు, వాళ్ల సీనియర్లకు ఇయర్లీ స్కీమ్. సీనియర్లలో సబ్జెక్టులు మిగిలిపోయినవాళ్లు ఆ తరవాత కూడా సప్లిమెంటరీలు రాస్తూనే వచ్చారు. వాళ్ల మార్కులకు క్రెడిట్లు లేవు, గ్రేడు పాయింట్లు లేవు. కొత్త సైట్‌లో వాళ్లను ఏ గడిలో కూర్చోబెట్టాలి? ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీ డెమోలోనూ ఈ ప్రశ్న రాదు. డెమోలో ఉండే విద్యార్థికి ఇంటిపేరూ ఉంటుంది, ఫోటో సరైన కొలతలోనే ఉంటుంది, అన్ని సబ్జెక్టులూ ఒకేసారి పాసవుతాడు.

దోస్త్‌కు ఇవ్వాల్సిన మెప్పు ఇద్దాం. అంతకు ముందు ఒక్కో కాలేజీకి ఒక్కో దరఖాస్తు కొనాలి, ఒక్కోచోట లైన్లో నిలబడాలి. ఇప్పుడు 200 రూపాయల రిజిస్ట్రేషన్‌తో రాష్ట్రంలో దోస్త్ కింద ఉన్న ఏ కాలేజీకైనా ఆప్షన్ పెట్టుకోవచ్చు. ఇంటర్ హాల్ టికెట్ నంబరు కొడితే పేరూ మార్కులూ బోర్డు నుంచి వాటంతట అవే వచ్చి పడతాయి. చేత్తో ఎక్కించే బాధ లేదు, ఎక్కించేటప్పుడు పడే తప్పులు లేవు. అయితే ఇంటర్‌లో పడ్డ తప్పు ఉంటే అదీ అలాగే, ఏ చెయ్యీ తగలకుండా, డిగ్రీలోకి నడిచి వస్తుంది. అక్కడి నుంచి క్రెడిట్ల బ్యాంకులోకి పోతుంది. 2021లో యూజీసీ తెచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అన్నమాట. ఇప్పుడు దానికి అపార్ ఐడీ అనే 12 అంకెల విద్యార్థి గుర్తింపు సంఖ్య జత. ఒకప్పుడు తప్పు ఒక పుస్తకంలో ఉండేది. ఇప్పుడు తప్పుకు కూడా టీసీ ఇచ్చి పై కాలేజీకి పంపుతున్నాం.

వ్యవస్థ మార్చేటప్పుడు తొందరపడితే ఏమవుతుందో తెలంగాణకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. 2019 ఏప్రిల్ 18న ఇంటర్ ఫలితాలు వచ్చాయి. అంతకు ముందు వరకు ఫలితాల లెక్క సెంటర్ ఫర్ గుడ్ గవర్నెన్స్ చూసేది. ఆ ఏడాది పని గ్లోబరీనా టెక్నాలజీస్ అనే ప్రైవేటు సంస్థ చేతికి వెళ్లింది. పరీక్ష రాసిన పిల్లలు ఆబ్సెంట్ అయ్యారు. మంచిర్యాల జిల్లాలో ఒక అమ్మాయికి తెలుగులో 99 రావాల్సినచోట సున్నా వచ్చింది. ఓఎంఆర్ షీటు మీద వలయాలు దిద్దడంలో ఒకరి పొరపాటు, దాన్ని సరిచూడాల్సినవాళ్లు చూడకపోవడం ఇంకో పొరపాటు. ఫలితాల తరవాతి రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తెలంగాణ స్టేట్ టెక్నాలజీ సర్వీసెస్ ఎండీ అధ్యక్షతన, బిట్స్, ఐఐటీ హైదరాబాద్ అధ్యాపకులతో ప్రభుత్వం కమిటీ వేసింది. ఫెయిలైన మూడు లక్షల పైచిలుకు పిల్లల జవాబు పత్రాలన్నీ ఫీజు లేకుండా మళ్లీ చూశారు. వెయ్యి మందికి పైగా పాసని తేలారు. శాతంలో చూస్తే చిన్న సంఖ్యే, అధికారులు శాతంలోనే చూపించారు కూడా.

ఆ కమిటీ చెప్పినవాటిలో నాకు బాగా గుర్తుండిపోయింది ఒకటి. పునఃపరిశీలన లెక్కను ఒక్క సంస్థకే వదలకండి, ఇంకో సంస్థ చేత విడిగా కూడా చేయించి రెండూ పోల్చండి అని. ఎంత మామూలు మాట! అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి రాయమన్న అడ్మిషన్ రిజిస్టర్ ఆలోచన కూడా అదే. పదో తరగతి చదివిన గుమస్తాలకు నేర్పిన జాగ్రత్తను కోట్ల రూపాయల కాంట్రాక్టులో రాయడం మరిచిపోయారు.

అమెరికా అయినా తక్కువ తినలేదు. ఓహాయోలోని క్లీవ్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ 1990ల చివర్లో విద్యార్థుల రికార్డులన్నీ పీపుల్‌సాఫ్ట్ సాఫ్ట్‌వేర్‌లోకి మార్చింది. పిల్లలకు అందాల్సిన ఆర్థిక సాయమే చిక్కుల్లో పడింది. 2004లో ఆ యూనివర్సిటీ 51 కోట్ల డాలర్లకు కంపెనీ మీద దావా వేసి చివరికి రాజీ పడింది. దావా వేసే స్తోమత వాళ్లకుంది. మన డిగ్రీ కాలేజీకి కంపెనీవాడు ఫోనెత్తితే అదే పదివేలు.

అలాగని పాత పుస్తకాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగలేం. ఎర్ర సిరాకు ఇంకో వాడకం కూడా ఉండేదని పెద్దవాళ్లకు తెలుసు. చేతిలో ఏదో పెడితే పుట్టిన సంవత్సరం రెండేళ్లు వెనక్కి జరిగేది, హాజరు శాతం పైకి పాకేది. పై అధికారులు సైట్‌కు తాళం వేసి తాళంచెవి తమ దగ్గర పెట్టుకున్నారంటే ఊరికే కాదు. పైగా కాగితం గట్టిదేం కాదు. 2025 ఆగస్టు 27, 28 తేదీల్లో కామారెడ్డి మీద కురిసిన వాన గుర్తుంది కదా. ఒక్క రోజులో 40 సెంటీమీటర్లు దాటిన చోట్లున్నాయి, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది, కాలనీలు మునిగాయి. ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడు ట్రంకుపెట్టెలో సర్టిఫికెట్లు ఉన్నవాళ్ల బాధ ఊహించడం కష్టం కాదు. డిజిలాకర్‌లో ఉన్న మెమో తడవదు. కాబట్టి సైట్ కావాలి. అది ఎలా కావాలన్నదే తగువు.

తాళం వేయడానికీ చేతులు కట్టేయడానికీ తేడా ఉంది. సాఫ్ట్‌వేర్‌లో దిద్దుబాటుకు జాడ ఉంచడం ఏమంత గొప్ప విద్య కాదు. ఫలానా లాగిన్‌తో, ఫలానా తేదీన, ఫలానా గడి, పాత విలువ ఇది, కొత్త విలువ ఇది అని దానంతటదే రాసుకుంటుంది. ఎర్ర సిరా కన్నా నమ్మకమైన సాక్షి. ఆ జాడ ఉన్నప్పుడు ప్రిన్సిపాల్‌కు దిద్దే అధికారం ఇవ్వడానికి భయమెందుకు? టీసీ చూసి పేరులో అక్షరం సరిచేయడానికి కూడా హైదరాబాద్‌కు మెయిల్ పెట్టి, టికెట్ నంబరు తెచ్చుకుని, జవాబు కోసం కాచుకోవడమెందుకు? మార్కులు ముట్టుకోనివ్వకండి, ఒప్పుకుంటాను. పేరు, తండ్రి పేరు, కులం, ఫోన్ నంబరు, జిల్లా, ఇవి కాలేజీ దగ్గరే తేలాలి. అసలు కాగితం కాలేజీ చేతిలోనే ఉంటుంది కనక.

ఇక ఖర్చు సంగతి. తప్పు వ్యవస్థది, తిరుగుడు విద్యార్థిది. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడపిల్లలకు ఆర్టీసీ బస్సు ఉచితం, కాబట్టి ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి టికెట్ డబ్బులు మిగులుతున్నాయి. రోజు మాత్రం మిగలడం లేదు. మగపిల్లలకు టికెట్ కూడా పోతుంది. ఆధార్ సెంటర్లో ఫీజు, నెట్ సెంటర్లో ప్రింటుకు, స్కానుకు, ‘సబ్మిట్’ కొట్టినందుకు ఇంకొంత. తోడుగా వచ్చిన తండ్రికి ఆ రోజు కూలి. వీటికి ఏ రసీదూ ఉండదు, ఏ ప్రాజెక్టు లెక్కలోనూ కనపడవు. కొత్త సిస్టం వల్ల ఇంత సిబ్బంది, ఇంత కాగితం ఆదా అయిందని రాసే నివేదికలో ఈ పద్దు కూడా వేస్తే ఆదా ఎంతో అప్పుడు మాట్లాడుకోవచ్చు.

సిబ్బంది మాట కూడా చెప్పాలి. చాలాచోట్ల సైట్ నడిపేది అవుట్‌సోర్సింగ్‌లో వచ్చిన ఒక్క కుర్రాడు. పాస్‌వర్డ్ అతనికే తెలుసు. ఓటీపీ అతని ఫోన్‌కే వస్తుంది. అతను పెళ్లి చేసుకుని సెలవు పెడితే కాలేజీకి కూడా పెళ్లే. సీనియర్ అసిస్టెంట్లకు ఏ బ్యాచ్‌లో ఏ తిరకాసు ఉందో నోటికి వచ్చు, కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి నేర్పేవాళ్లుండరు. వాళ్లు రిటైరైతే ఆ తెలివిడి వాళ్లతోనే పోతుంది. సైట్‌లోకి పాత డేటా ఎక్కించే వారం రోజులైనా ఆ కుర్రాడినీ సీనియర్ అసిస్టెంట్‌నూ పక్కపక్కన కూర్చోబెట్టినవాళ్లు గెలిచినట్టు.

కొత్తది వచ్చిన రోజే పాతదాన్ని మూసేయడం అన్నిటికన్నా పెద్ద తెలివితక్కువ. కనీసం రెండు సెమిస్టర్లు రెండూ నడవాలి. హాల్ టికెట్లు సైట్ నుంచే తీయండి, కానీ నామినల్ రోల్‌ను రిజిస్టర్‌తో ఒక్కసారి పోల్చండి. పని రెట్టింపు అవుతుంది, నిజమే. ఆ పనికి మనుషుల్ని ఇవ్వాలి, డబ్బులివ్వాలి, అది కాంట్రాక్టులోనే రాయాలి. పరీక్షకు పది రోజుల ముందు ప్రతి విద్యార్థికీ తన వివరాల కాగితం ఒకటి చేతికిచ్చి, సరిగ్గా ఉన్నాయని సంతకం పెట్టించుకుంటే సగం తప్పులు అక్కడే పట్టుబడతాయి. ఫోన్‌లో చూసుకోమంటే చాలదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్న జేబులో పొలానికి పోతుంది.

వచ్చే వేసవిలో దోస్త్ నోటిఫికేషన్ పడగానే కామారెడ్డిలోనూ ఎల్లారెడ్డిలోనూ కాలేజీల వాళ్లు ఫ్లెక్సీలు కడతారు, ఇంటింటికీ తిరుగుతారు. బిడ్డను చేర్పించడానికి వెళ్లే తల్లిదండ్రులు ల్యాబులు, బస్సుల గురించి ఎటూ అడుగుతారు. ఇంకో సంగతి కూడా అడగండి: పేరులో తప్పు పడితే మీ కాలేజీలో ఎవరు దిద్దుతారు, ఎన్ని రోజుల్లో? జవాబు నోటితో కాదు, ప్రిన్సిపాల్ సంతకంతో నోటీసు బోర్డు మీద రాసి ఉంచమనండి.